బండికి కూడా చలేస్తుంది

విశాఖపట్నంలో చలేమిటని నవ్వేవాళ్లు ధనుర్మాసంలో ఒక్క పొద్దున్న వన్ టౌన్ సందుల్లోకి వచ్చి నిలబడితే తెలుస్తుంది. అది కొండల మీది చలిలా ఎముకలు కొరకదు. సముద్రం మీంచి చెమ్మ వచ్చి గోడలకీ, తాళాలకీ, దండెం మీద బట్టలకీ పట్టుకుని వదలదు. మనుషులు ముసుగు తీసి ఎలాగోలా లేస్తారు. మూడు చక్రాల బండి మాత్రం ఓ పట్టాన లేవదు. ఆ రోజుల్లో మా సందుల్లో అలా లేవని బండిని లేపేవాణ్ణి నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ గొప్పే నా కొంప ముంచింది కాబట్టి చెబుతున్నాను.

నాకో చిన్న షెడ్డుండేది, ఉల్లిపాయల గోదాముల వరసలో చివర. పెట్రోలు, ప్లగ్గు, కరెంటు, కార్బొరేటరు. ఈ నాలుగూ ఆ వరసలోనే చూస్తే ఏ ఇంజనైనా దారికి వస్తుందని అందరికీ పాఠం చెప్పేవాణ్ణి. ఎవరైనా మధ్యలో మాట సాయం చేయబోతే ఒంటి కాలి మీద లేచేవాణ్ణి. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాది తమ్ముడూ" అని మా అప్ప ఎన్నిసార్లందో. మా వైపు అక్కని అప్ప అంటాం. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది మా అప్ప, ఆవిడ మొగుడు. ఆయన్ని నేను బావా అనేవాణ్ణి. సంతోషంగా ఉంటే ఆయనా నన్ను బావా అనేవాడు. కోపంగా ఉంటే ఒరే అనేవాడు. ఆ ఒరే నేను విన్నది చాలా తక్కువ.

బావది సబ్బవరం వైపు పల్లెటూరు. ఎడ్లబండి తోలుకుంటూ పట్నం వచ్చి, గోదాముల నుంచి కొట్లకి సరుకు వేస్తూ వన్ టౌన్‌లోనే ఉండిపోయాడు. సాయంత్రం ఇంటికొస్తే ముందు ఎడ్ల కాళ్లు కడిగి, తర్వాత తన కాళ్లు కడుక్కునేవాడు. చలికాలంలో వాటి వీపుల మీద కప్పడానికి అప్ప గోనెసంచులు విప్పి రెండు పట్టాలు కుట్టింది. మాకు దుప్పటి చాలకపోయినా ఆ పట్టాలకి చిరుగు ఉండేది కాదు.

ఎనభైలు వచ్చేసరికి స్టీల్ ప్లాంటు పనుల పుణ్యమా అని ఊరి నిండా లారీలు, ట్రాలీ ఆటోలు. ఎడ్లబండిని పిలిచేవాడు లేడు. ఎడ్లని అమ్మి ట్రాలీ బండి కొందామని బావని నేనే పోరాను. నెలరోజులు పోరితే సరే అన్నాడు. తన ఊరి రైతు వచ్చి ఎడ్లని తోలుకుపోయిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. "పట్టాలు కూడా ఇచ్చెయ్యకపోనావా" అంది అప్ప. "ఉండనీ, ఎందుకైనా పనికొత్తాయి" అన్నాడు.

ఎందుకు పనికొచ్చాయో ఆ చలికాలంలోనే తెలిసింది. పొద్దున్న నేను షెడ్డు తెరవక ముందు రెండు ట్రిప్పులు బండి నడిపేవాణ్ణి. సరుకు ఎత్తించడం, దించడం బావ పని. ఓ పొద్దున్న వచ్చి చూస్తే ఇంజనున్న వైపంతా గోనెపట్టాలు కప్పి, కొబ్బరితాడుతో కట్టి ఉంది. నేను పగలబడి నవ్వాను.

"నవ్వుకో. దానికీ సలేత్తాది. నోరు నేదు గాబట్టి సెప్పుకోనేదు" అన్నాడు.

పట్టా వరకు నాకు అభ్యంతరం లేదు. చెమ్మ తగలకుండా ఉంటే మంచిదే. తర్వాత ఓ రోజు దోమలని చెప్పి బండి పక్కన కుంపట్లో పొగ వేశాడు, పశువుల పాకలో వేసినట్టు. పెట్రోలు ట్యాంకుకి నాలుగడుగుల దూరంలో! ఆ రోజు నేను అరిచిన అరుపుకి సందులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. పొగ మానేశాడు. వారం తిరక్కుండా ఇంకోటి మొదలెట్టాడు. బండి కింద వెనకవైపు పొగ పోయే సైలెన్సరు గొట్టం ఉంటుంది. రాత్రి పడుకోబోయే ముందు దాని మూతికి గుడ్డ కుక్కేవాడు.

"రాత్తిరంతా సల్లగాలి కడుపులోకి ఎల్తే పొద్దున్న ఎలా లెగుత్తాది బావా? ముక్కు మూసినాను" అన్నాడు, గుడ్డ చూసి నేను అడిగితే.

పక్కనే గోదాము దగ్గర మూటలు మోసే కళాసీలు బీడీలు కాలుస్తూ కూర్చున్నారు. జనం ఉంటే నా నోరు ఇంకాస్త పెద్దదయ్యేది.

"అది ముక్కు కాదు బావా, దాని ఎనకాల! నీ ఎడ్లకి ఎనకాల గుడ్డ ఎట్టీవోడివేటి? పొగ బయటికి పోకపోతే ఇంజను ఊపిరాడక సత్తాది. ఇంకోసారి దీని మీద సెయ్యేసినావంటే బండి ఇక్కడే ఒగ్గేసి ఎలిపోతాను."

కళాసీలు పడీ పడీ నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆ గుడ్డ దులిపి భుజం మీద వేసుకున్నాడు. నన్ను చేతుల మీద పెంచిన మనిషిని పదిమందిలో అలా అన్నానన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు. మానేశాడనుకున్నాను. ఆ చలికాలమూ, తర్వాతి చలికాలమూ బండి ఏ పొద్దున్నా మొండికెయ్యలేదు. నా చేతి చలవ అని చెప్పుకున్నాను.

మూడో చలికాలం. ఆ పొద్దున్న ఇంకా మంచు విడలేదు. అప్ప వాళ్ల ఇంటి వరసలోనే చివరి గదిలో నేనుండేవాణ్ణి. అప్ప వచ్చి తలుపు కొట్టింది.

"తమ్ముడూ, మీ బావ ఎలాగో అయిపోతన్నాడు. ఓసారి రా."

బావ గడప మీద కూర్చుని ద్వారబంధానికి ఆనుకుని ఉన్నాడు. అంత చలిలోనూ బనీను తడిసిపోయి ఉంది. అరచెయ్యి గుండె మీద అదిమి పెట్టుకున్నాడు. "ఏటీ నేదు, గేసు" అన్నాడు. అప్ప అప్పటికే వాము నీళ్లు పట్టింది. ఎడమ చెయ్యి లాగేస్తోందని చెప్పింది ఆయన కాదు, అప్ప.

"రిక్షా పిలుత్తాను" అంది.

సందు చివర టీ బడ్డీ దగ్గర రిక్షా ఉంది. మా మాట విని రిక్షా అతను గ్లాసు కింద పెట్టి బండి మా వైపు తిప్పాడు కూడా. నేను చెయ్యి ఊపి వద్దన్నాను.

"ఇంట్లో బండి ఎట్టుకుని రిక్షా ఏటప్పా? ఐదు నిమిషాలు. పెద్దాసుపత్రికి ఎక్కించుకుపోతాను."

పట్టాలు విప్పి పారేసి సీటు పక్కనున్న స్టార్టు లివరు లాగాను. ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. చోకు వేసి మళ్లీ లాగాను. మళ్లీ ఒక్క దగ్గు. పెట్రోలు ఉంది. ప్లగ్గు విప్పాను, తడిగా ఉంది. చలికి మామూలే అనుకున్నాను. గుడ్డతో తుడిచి, అగ్గిపుల్ల గీసి మొన వేడి చేసి, అగ్గిపెట్టె పక్కకి రాసి నలుపు తీశాను. బాడీకి ఆనించి చూస్తే నీలంగా కరెంటు దూకింది. బిగించి లాగాను. ఒక్క దగ్గు.

అస్సలు పలక్కపోయి ఉంటే వదిలేసి రిక్షా కోసం పరిగెత్తేవాణ్ణేమో. ప్రతిసారీ ఆ ఒక్క దగ్గు నన్ను కట్టి పడేసింది. ఇంకొక్కసారి లాగితే అందుకుంటుందనిపించేది. కార్బొరేటరు విప్పి నోటితో ఊది జెట్టు శుభ్రం చేశాను. చేతులు కొంకర్లు పోతున్నాయి. రిక్షాకి ఎవరో బేరం తగిలి వెళ్లిపోవడం ఓరకంట చూశాను. అప్ప "తమ్ముడూ, తమ్ముడూ" అంటూనే ఉంది.

బావ గడప మీంచి చెయ్యెత్తాడు.

"బావా... ఎనకాల ఓసారి..."

నేను తిరిగి చూడలేదు. నా పాఠంలో నాలుగే ఉన్నాయి, వెనకాల అన్నది అందులో లేదు.

"నువ్వు మాటాడకు బావా! ఇది ఎద్దు కాదు. దీని గురించి నీకేటి తెలుసు? నోర్ముయ్యి."

మూసుకున్నాడు. ఎత్తిన చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. ఓ నిమిషం తర్వాత గడప పట్టుకుని లేవబోతే అప్ప గట్టిగా కూర్చోబెట్టింది. ఎందుకు లేవబోయాడో నాకు ఇప్పుడు తెలుసు.

పోర్టు సైరను మోగింది. ఎదురింట్లో రేకు డబ్బాలకి మాట్లు వేసే చాచా కొట్టు తెరుస్తూ మమ్మల్ని చూసి వచ్చాడు. ఆయనకి ఇంజన్ల సంగతి తెలియదు. తెలియదు కాబట్టే బండి చుట్టూ తిరిగి చూశాడు. నేను లివరు లాగుతుంటే వెనక కూర్చుని సైలెన్సరు మూతి దగ్గర అరచెయ్యి పెట్టాడు.

"బేటా, ఊపిరి బయటికి రావట్లేదు. లోపల ఏదో అడ్డం ఉంది."

ఆయనే పరిగెత్తి కొట్లోంచి పట్టకారు తెచ్చాడు. రెండుసార్లు పట్టు జారింది. మూడోసారి లాగితే వచ్చింది, మంచుకీ ఆయిలుకీ తడిసి గట్టిగా బిగుసుకున్న గుడ్డ. ఆకుపచ్చ అంచు. అప్ప పాత చీర ముక్క.

లివరు లాగాను. ఒక్క లాగుకి స్టార్టయింది. సందంతా ఆ మోత.

బావ వైపు చూశాను. తప్పు చేసి దొరికిపోయినవాడి చూపు ఆయనది. నిజం దాచను. ఆ క్షణంలో నాకు వచ్చింది జాలి కాదు, భయం కాదు, కోపం.

"మల్లీ ఎట్టినావా?" అన్నాను.

తలూపాడు. నోర్ముయ్యమన్నాను కదా, మాట్లాడలేదు. ఆయనతో నేనన్న ఆఖరి మాట అదే.

చాచా, నేను కలిసి ఆయన్ని ఎత్తి ట్రాలీలో పడుకోబెట్టాం. కింద ఒక గోనెపట్టా పరిచాం, మీద ఒకటి కప్పాం. అప్ప తల ఒళ్లో పెట్టుకుంది. నేను ముందు సీట్లో ఉన్నాను, వెనక ఏం మాట్లాడుకున్నారో ఇంజను మోతలో వినపడలేదు. ఆసుపత్రి ఎత్తు ఎక్కుతుంటే అప్ప నా వీపు మీద కొట్టింది. ఆపమనో, తొందరగా పొమ్మనో అర్థం కాలేదు. తొందరగానే పోనిచ్చాను. స్ట్రెచరు తెచ్చేసరికి బావ లేడు. డాక్టరు కళ్లు చూసి, నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగాడు. అప్ప చెప్పింది. ఆయన గోడ గడియారం వైపు చూసి పట్టా మొహం మీదకి లాగాడు.

పరామర్శకి వచ్చినవాళ్లందరికీ గుడ్డ కథ తెలిసిపోయింది. "తన సేత్తో తనే ఎట్టుకున్నాడు, రాత అలాగుంది" అన్నారు. నేను కాదనలేదు. రిక్షాని వెనక్కి పంపిన సంగతి, నోర్ముయ్యమన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. అప్పకి తెలుసు, ఆవిడా చెప్పలేదు. బండి అమ్మేశాను. షెడ్డు ఉంచాను. చలికాలం వచ్చి ఎవరైనా లేవని బండి తోసుకొస్తే ముందు వెనక్కి వెళ్లి సైలెన్సరులో వేలు పెట్టి చూసేవాణ్ణి. ఎందుకలా అని అడిగితే బావ కథ చెప్పేవాణ్ణి. చెప్పగా చెప్పగా అందులో తప్పంతా గుడ్డదే అయిపోయింది.

కొన్నేళ్లకి ఓ రోజు అప్ప నాకు క్యారియరు తెచ్చింది. నేను ఎవరికో ఆ కథే చెబుతున్నాను. వచ్చినవాడు వెళ్లేదాకా బల్ల మీద కూర్చుంది. తర్వాత క్యారియరు విప్పుతూ, నా వైపు చూడకుండా అంది.

"మీ బావ ఆ గుడ్డ ఎప్పుడూ మాననేదు తమ్ముడూ. రోజూ రాత్తిరి ఎట్టీవోడు, పొద్దున్న నువ్వొచ్చే లోపల తీసేసీవోడు. ఆ పొద్దున్న లెగనేకపోనాడు. నాకా సంగతి తెలీదు, బండిలో సెప్పినాడు."

గిన్నె పక్కకి జరిపి ఆవిడ వైపు తిరిగాను.

"ఇంకేటన్నాడు?" అన్నాను.

"సెప్పకూడదనే ఇన్నాళ్లూ ఊరుకున్నాను. 'ఆడిప్పుడు కోపంగా ఉన్నాడు, నువ్వేటీ అనకు. ఆడి కోపం తగ్గేక గుడ్డ సంగతి నానే సెప్తాను' అన్నాడు. అదే ఆకరు."

అప్ప క్యారియరు గిన్నెలు కడుక్కుని వెళ్లిపోయింది. ఆవిడా పోయి చాలా ఏళ్లయింది. ఆ షెడ్డు లేదు, ఆ గోదాములు లేవు. ధనుర్మాసం వస్తే ఇప్పటికీ తెల్లారకముందే మెలకువ వచ్చేస్తుంది. బయటికి వచ్చి గడప మీద, బావ కూర్చున్నట్టే ద్వారబంధానికి ఆనుకుని కూర్చుంటాను.

నా కోపం తగ్గిపోనాది బావా. ఇప్పుడు సెప్పు.