ఎడమకు గుంజే చెయ్యి

ఆర్మూర్ మార్కెట్ యార్డు ముందు లింగన్నకు చిన్న దుకాణం ఉంది. పసుపు రైతులకు గోనెసంచులు, తాళ్లు, కళ్లం మీద పసుపు తడవకుండా కప్పే తాడిపత్రులు అమ్ముతాడు. ఎవరైనా తాడు అడిగితే చుట్ట మొత్తం విప్పి, ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ల మధ్య జార్చి చూస్తే గాని ఇవ్వడు. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు.

"కొత్త తాడే గదనే, ఇయ్యరాదు!"

"జర ఆగు" అంటాడు.

దుకాణం పెట్టక ముందు చాలా ఏళ్లు అతను గల్ఫ్‌లో టవర్ క్రేన్ నడిపాడు. వచ్చాక ఇంకే యంత్రం జోలికీ పోలేదు. ట్రాక్టర్ నడపమని బంధువులు పిలిచినా పోలేదు. పెర్కిట్‌లో ఇంటి దగ్గర ఆటో ఎక్కి దుకాణానికి వస్తాడు, ఆటోలోనే తిరిగి పోతాడు. భార్య వినోద అడిగితే, "ఆడ పని బందయింది" అని ఊరుకున్నాడు. ఆమె మళ్లీ అడగలేదు.

కూతురు వర్షిత డిగ్రీలో కంప్యూటర్లు చదువుతోంది. ఇంటి దగ్గర నెట్ సరిగా రాదని కంప్యూటర్‌ను దుకాణం వెనక గదిలో పెట్టించుకుంది. కాలేజీ లేని రోజుల్లో, మధ్యాహ్నం యార్డులో వేలం సద్దుమణిగాక, ఆన్‌లైన్‌లో తుపాకుల ఆట ఆడేది. ఒకరోజు లింగన్న అన్నం గిన్నె కడుక్కుని వస్తూ తెర వైపు చూసి ఆగిపోయాడు. వర్షిత ఎత్తైన భవనం మీద స్నైపర్ తుపాకీతో పడుకుని, స్కోప్‌లోంచి కిందికి చూస్తోంది. కింద మనుషులు వేలెడంత ఉన్నారు.

"గా గోడ ఎనుక ఉన్నోడు కుడి దిక్కు నుంచి వస్తడు" అన్నాడు లింగన్న.

వాడు కుడి వైపు నుంచే వచ్చాడు.

"నీకెట్ల ఎర్కనే బాపూ?"

"మీదికెళ్లి సూసుడు అలవాటు."

వర్షిత నవ్వుతూ కుర్చీ ఖాళీ చేసింది. కొద్ది రోజుల్లోనే అతనికి ఆట పట్టుబడింది. ఎంత దూరంలో ఉన్న మనిషి ఎంత వేగంగా నడుస్తాడో, ఎక్కడ ఆగుతాడో అతనికి ముందే తెలిసేది. కానీ ఒక చిక్కు వచ్చిపడింది. గురి సరిగ్గా కుదిరి, ఇక మీట నొక్కడమే తరువాయి అనగా స్కోప్‌లోని ఎర్ర చుక్క ఎడమకు జరిగిపోయేది. గుండు పక్కన గోడకు తగిలేది.

"మౌస్ కరాబయిందేమో" అన్నాడు.

వర్షిత మౌస్ మార్చింది. కింద గరుకు లేని ప్యాడ్ వేసింది. మౌస్ మరీ చురుగ్గా కదలకుండా సెన్సిటివిటీ తగ్గించింది, చెయ్యి వేగాన్ని బట్టి చుక్క దూకకుండా యాక్సిలరేషన్ తీసేసింది. తను ఆడితే చుక్క గీత గీసినట్టు పోతోంది. తండ్రి ఆడితే ఎడమకు పోతోంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ధ్యాస కుదురుతుందేమోనని పెట్టింది. అందులో సన్నటి గరగర వినపడగానే లింగన్న దాన్ని లాగి బల్ల మీద పడేశాడు.

"ఏమయిందే?"

"ఏం లేదు. వాకీటాకీ లెక్క ఉన్నది."

ఆ పిల్ల పట్టు వదిలే రకం కాదు. ప్రాక్టీస్ మైదానం తెరిచి ముందు చెక్క గుండ్రాలు నిలబెట్టింది. లింగన్న అన్నింటినీ నడిమధ్యన కొట్టాడు. తర్వాత మనిషి బొమ్మల్ని పెట్టింది. అవి వీపు తిప్పి ఉన్నంతసేపూ గురి తప్పలేదు. ఒక బొమ్మ మెల్లగా తిరిగి, తలెత్తి పైకి చూసింది. చుక్క ఎడమకు పోయింది. ఇంకో బొమ్మ తలెత్తింది. మళ్లీ ఎడమకే. ఈసారి వర్షిత తెరను చూడలేదు, తండ్రి చేతిని చూసింది. అది వణకడం లేదు. గట్టిగా, కావాలని గుంజినట్టే గుంజుతోంది.

"బాపూ, మౌస్ మంచిగనే ఉన్నది. మొఖం సూస్తెనే నీ చెయ్యి గుంజుతున్నది. ఎవల మొఖం యాదికొస్తున్నదే?"

లింగన్న మౌస్ వదిలేసి కుర్చీ వెనక్కి జరిపాడు. బయట లారీలో బస్తాలు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"సాలోమోను" అన్నాడు చివరికి. "మన ధర్పల్లాయన."

సాలోమోను కింద నిలబడి వాకీటాకీలో దారి చెప్పేవాడు. అన్ని దేశాల వాళ్లున్న ఆ సైటులో వాళ్లిద్దరి మాట మాత్రం తెలుగులో సాగేది. "అన్నా, జర దించు, ఇంకింత, బస్" అని ఆ గొంతు చెప్పినట్టు లింగన్న చేతులు కదిలేవి. దుమ్ముగాలి లేచిన ఒక పొద్దున ఇనుప చువ్వల కట్టను పైకి ఎత్తుతుండగా కట్టిన బెల్టు ఒకవైపు తెగింది. కట్ట ఒరిగిపోయింది. వాకీటాకీలో గరగర తప్ప మాట రాలేదు. సాలోమోను కింద నుంచి తలెత్తి చూశాడు.

"గంత ఎత్తు నుంచి మొఖం కనపడదు బిడ్డా. అయినా నాకు కనపడ్డది. ఆయన మీద పడొద్దని క్రేన్ హ్యాండిలు ఎడమకు గుంజిన. ఆయన గూడ గటే ఉరికిండు."

కంపెనీ వాళ్లు విచారణ చేసి బెల్టు పాతదన్నారు, ఆపరేటర్ తప్పేమీ లేదన్నారు. శవపేటిక ధర్పల్లికి వచ్చింది. లింగన్న ఆ తర్వాత వచ్చాడు గాని ఆ ఊరి వైపు వెళ్లలేదు. ధర్పల్లి బస్సు కనబడితే తల తిప్పుకునేవాడు.

"గుంజకుంటె బతుకుతుండెనా?" వర్షిత మెల్లగా అడిగింది.

"గదే తెల్వది."

ఆ రోజు నుంచి వర్షిత ఆట పెట్టడం మానేసింది. కానీ లింగన్న మానలేదు. ఆమె లేని మధ్యాహ్నాల్లో ఒక్కడే ప్రాక్టీస్ మైదానం తెరిచి, తలెత్తే బొమ్మల ముందు కూర్చునేవాడు. ఒక్కసారైనా చెయ్యి కదలకుండా ఆపాలని పళ్లు బిగించేవాడు. ఆగేది కాదు.

పసుపు ఉడకబెట్టి కళ్లాల్లో ఆరబోసిన రోజులవి. ఒక మధ్యాహ్నం అకాలంగా మబ్బు పట్టింది. తాడిపత్రుల కోసం దుకాణం ముందు జనం మూగారు. వర్షిత కూడా గల్లా దగ్గర నిలబడి సాయం చేస్తోంది. సిరికొండ వైపు ఒక రైతు కళ్లంలో కూలి చేస్తున్న ఆడమనిషి ఆటో దిగి వచ్చింది. చేతులు మణికట్టు దాకా పసుపు. మెడలో చిన్న సిలువ. మిగతావాళ్లంతా వెళ్లేదాకా ఆమె పక్కన నిలబడే ఉంది.

"నేను ఆశమ్మనన్నా. సాలోమోను ఇంటిదాన్ని."

లింగన్న చేతిలోని తాడిపత్రి మడత జారిపోయింది.

"నువ్వీడ దుకాణం పెట్టినవని ఎప్పుడో జెప్పిండ్రు. నువ్వే వస్తవని సూసిన" అంది ఆమె. గొంతులో కోపం లేదు. అదే అతనికి కష్టంగా ఉంది.

"ఏ మొఖంతోని రావాలె చెల్లె? నేను గుంజిన దిక్కే..."

"ఎర్కనే. ఆయనతోని ఉన్నోల్లు అంత జెప్పిండ్రు. తప్పిద్దామనే గుంజినవట గద." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆయన గట్లనేనన్నా. ఇంట్ల బిందె జారినా, దండెం తెగినా, ఎవలన్న పక్కకు జరుగుతరు. ఆయన పడేదాని దిక్కే ఉరుకుతుండె, పట్టుకుందామని. మస్తు తిడుతుంటి."

లింగన్న జారిన తాడిపత్రిని ఎత్తబోయి ఆగాడు. "అంటె, నేను కుడికి గుంజినా..."

"కుడికే ఉరుకుతుండెనేమో. నాకేం తెల్సు? దేవునికి తెల్సు."

చినుకులు మొదలయ్యాయి. ఆశమ్మ తాడిపత్రులు ఆటోలో వేయించుకుంది. ఎక్కబోతూ, "ఒకసారి ఇంటికి రా అన్నా. ఆయన ఆఖరుకు మాట్లాడింది నీతోనే. ఏం మాట్లాడిండో నాకు తెల్వాలె" అంది.

ఆ ఆదివారం లింగన్న ధర్పల్లి బస్సు ఎక్కాడు. చీకటి పడక ముందే తిరిగొచ్చాడు. అక్కడ ఏం మాట్లాడారో ఇంట్లో చెప్పలేదు. వినోద పెట్టిన అన్నం మాత్రం తిన్నాడు.

ఇక తండ్రి చెయ్యి కుదురుకుంటుందని వర్షిత అనుకుంది. మర్నాడు మధ్యాహ్నం అతను కంప్యూటర్ ముందు కూర్చుంటే వెనకే నిలబడింది. స్కోప్‌లో బొమ్మ తిరిగింది. తలెత్తింది. చుక్క ఎప్పటిలాగే ఎడమకు జరిగింది. అతను మెల్లగా దాన్ని వెనక్కి తెచ్చి, ఆ మొహం మీద ఆపి, మీట నొక్కకుండా కూర్చున్నాడు.

"కొట్టవా బాపూ?"

"ఆగు బిడ్డా. ఎటు ఉరుకుతడో సూస్తున్న."

"గది ప్రాక్టీస్ బొమ్మనే. ఉరకదు."

"తెల్సు."

బొమ్మ తలెత్తి అలాగే చూస్తోంది. దుకాణం ముందు ఎవరో గోనెసంచుల కోసం పిలిచారు. లింగన్న కదల్లేదు. రెండోసారి పిలిచాక వర్షితే బయటికి వెళ్లింది.