పంక్తి భోజనాల్లో పదమూడు నిమిషాల పాట

ఆ రోజుల్లో ఒక పాట హిట్టయిందో లేదో తెలుసుకోవడానికి ఇప్పటిలా ఫోను తీసి ఎంతమంది విన్నారో చూసుకునే సదుపాయం లేదు. కిళ్ళీకొట్లో వినిపించాలి, రాజమండ్రి బస్సులో వినిపించాలి, పెరట్లో బట్టలారేసుకునే పిన్నిగారి నోట వినిపించాలి. అప్పుడది హిట్టు. ఇంత తేలికైన సంగతి నాకు పదిహేడేళ్ళ వయసులో అర్థం కాలేదు. అర్థం కాలేదనడం కూడా సరికాదేమో. అర్థమైంది, కానీ ఒప్పుకోలేదు. (ఆ వయసులో ఈ రెండింటికీ తేడా తెలిసేది కాదు. ఇప్పుడు మాత్రం తెలుస్తోందా అంటే, ఏం చెప్పను?)

మాది ధవళేశ్వరం. నాన్న ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసేవారు. బెంగళూరులో చదువుకునే మా మేనత్త కొడుకు, అంటే బావ, వేసవి సెలవులకి వచ్చి వెళ్తూ వెళ్తూ ఒక కేసెట్ నా చేతిలో పెట్టాడు. "దీన్ని ప్రోగ్రెసివ్ మెటల్ అంటార్రా. అందరికీ ఎక్కదు. నీలాంటివాడికే అర్థమవుతుంది" అన్నాడు. నాలాంటివాడంటే ఎలాంటివాడో చెప్పలేదు గానీ, ఆ ఒక్క మాటకే నేను పడిపోయాను. అందులో మొదటి పాటే పదమూడు నిమిషాలు. గిటార్లు ఒక దారిన, డ్రమ్ములు ఇంకో దారిన పరిగెడతాయి. పాడేవాడు నాలుగో నిమిషానికి గానీ రాడు. వచ్చాక కాసేపు బతిమాలతాడు, కాసేపు కేకలేస్తాడు. మధ్యమధ్యలో ఉన్నట్టుండి అంతా ఆగిపోతుంది. అయిపోయింది కదాని లేవబోతే మళ్ళీ మొదలవుతుంది. మొదటిసారి విన్నప్పుడు మా టేప్ రికార్డర్ పాడైందనుకున్నాను. పదోసారికి వాళ్ళు మహానుభావులనిపించింది. ఇరవయ్యోసారికి, నేనూ గిటారు నేర్చుకుని అలాంటి పాటలే కట్టాలని, అవి రాజమండ్రి బస్సుల్లో మోగాలని తీర్మానించేసుకున్నాను.

ఇంటర్ పాసయ్యాక నాన్న బీకాం అన్నారు. నేను గిటారు అన్నాను. నాన్న కేకలెయ్యలేదు. కేకలేసినా బాగుండేది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అవి జనం వినే పాటలేనట్రా? జనం వింటారంటే చెప్పు, ఆలోచిద్దాం" అన్నారు. వింటారని నేను. ఎలా తెలుసని ఆయన. అప్పుడు అడ్డుపడ్డవాడు మా బాబాయి. ఆయనకి మైకుసెట్టు ఉండేది. చుట్టుపక్కల ఏ శుభకార్యమైనా ఆయన స్పీకర్లు మోగాల్సిందే. "జనం సంగతి ఇంట్లో కూర్చుంటే ఏం తెలుస్తుంది అన్నయ్యా?" అని, నావైపు తిరిగి తీర్పు చెప్పాడు. "ఆదివారం నిడదవోలు దగ్గర ఓణీల ఫంక్షనుంది. భోజనాలప్పుడు నీ పాటెయ్యి. ముగ్గురంటే ముగ్గురొచ్చి 'ఇదేం పాటండీ' అని అడిగారనుకో, అది హిట్టే. నా సర్వీసంతటిలో నాకు తెలిసిన కొలత అదే. గిటారు నేను కొనిపిస్తాను. ఎవరూ అడక్కపోతే నోరు మూసుకుని బీకాంలో చేరు." నాన్న సరేనన్నారు. నేనైతే ఆ ముగ్గురూ ఎప్పుడో అడిగేసినట్టే గాల్లో తేలిపోయాను.

ఇక్కడ నాకు అస్సలు తెలియని సంగతి, బాబాయికి తెలిసి కూడా ఆ వేళ గుర్తుకురాని సంగతి ఒకటుంది. మావైపు పంక్తికి ఐదు పాటలు లెక్క. వడ్డన చేసేవాళ్ళు ఎవరి విస్తట్లో ఏముందో చూడరు, మైకు వింటారు. మొదటి పాటకి బూరెలు, పులిహోర. పాట అయిపోగానే లోపలికెళ్ళి బకెట్లు మార్చుకొస్తారు. రెండో పాటకి అన్నం, పప్పు, ఆవకాయ, నెయ్యి. మూడో పాటకి కూరలు, నాలుగో పాటకి సాంబారు, ఐదో పాటకి పెరుగు. తర్వాత కొత్త పంక్తి, మళ్ళీ బూరెలు. ఎవరూ ఎవరికీ చెప్పుకోరు, అరుపులుండవు. ఏళ్ళ తరబడి అలా సాఫీగా నడిచిపోతున్న వ్యవహారంలోకి, మిట్టమధ్యాహ్నం, వందమంది విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా నేను నా కేసెట్ పెట్టాను.

పాట మొదలైంది. బూరెలొచ్చాయి. రెండో నిమిషంలో పాట మొదటిసారి ఆగింది. వడ్డనవాళ్ళు పులిహోర సగం వరసలోనే వదిలేసి లోపలికి పరిగెత్తి పప్పు తెచ్చారు. పప్పు నలుగురికి పడిందో లేదో, మళ్ళీ ఆగింది. కూరలు. డ్రమ్ములు ఒక్కసారి విరుచుకుపడి మళ్ళీ ఆగాయి. సాంబారు. ఆరో నిమిషం దాటకుండానే పులిహోర మీద పెరుగు పడింది. నేను మైకు బల్ల దగ్గర కళ్ళు మూసుకుని తలాడిస్తున్నాను గనక ఇదంతా చూడలేదు. (బాబాయి తర్వాత ఇంటిల్లిపాదికీ చెప్పాడు, చెప్పినప్పుడల్లా కాస్త పెంచాడు.) పెరుగు వడ్డించాక పాట ఇంకోసారి ఆగింది. వడ్డనవాళ్ళు పాపం ఒకరి మొహాలొకరు చూసుకున్నారట. లెక్క ప్రకారం అది కొత్త పంక్తి. మనుషులేమో పాతవాళ్ళే. ఎందుకైనా మంచిదని పెరుగన్నం కలుపుకుంటున్నవాళ్ళ విస్తట్లో మళ్ళీ బూరెలు వేశారు. విచిత్రమేమిటంటే ఎవరూ ఏమీ అనలేదు. ఓణీల పిల్ల మేనమామ తరఫున కోనసీమ నుంచి వచ్చినవాళ్ళు, ఈ ఊరి పద్ధతి ఇదే కాబోలనుకుని మర్యాదగా తినేశారు.

అప్పుడొచ్చాడు మొదటి మనిషి. వంటమేస్త్రి. చెమటలు కారుతూ, చేతిలో గరిటెతో. "బాబుగారండీ, ఇదేం పాటండీ?" నా గుండె గంతేసింది. "ఎక్కడ అయిపోద్దో కాస్త చెప్పండి బాబూ. సాంబారు అడుగంటేస్తోంది" అన్నాడు. రెండోవారు ఓణీల పిల్ల నాయనమ్మగారు. కర్ర పొడుచుకుంటూ వచ్చి నా భుజమ్మీద చెయ్యి వేసి, "ఇదేం పాట నాయనా? ఎవరా అబ్బాయి, ఎందుకలా ఏడుస్తున్నాడు? శుభమా అని ఇంట్లో కార్యం జరుగుతుంటే" అన్నారు. నేను మాత్రం ఒకటి, రెండు అని వేళ్ళు మడుస్తున్నాను. బాబాయి గడ్డం గోక్కుంటున్నాడు. అడిగారంటే అడిగారు. కాదనడానికి లేదు, అవుననడానికి నోరు రావడం లేదు.

మూడో ఆయన మృదంగం మాస్టారు. ద్రాక్షారామం నుంచి భోజనానికి వచ్చారు. పెరుగు చెయ్యి అలాగే పైకి పట్టుకుని, ఎడమచేత్తో తొడ మీద లెక్క వేసుకుంటూ నడిచొచ్చారు. "ఇదేం పాట బాబూ? ఏడు వేస్తున్నాడు. ఏడు, ఏడు, ఇదిగో ఇక్కడ ఐదు చేశాడు. భలేవాడే! అయితే తాళం ఎక్కడ మొదలెడుతున్నాడో అందడం లేదు. నువ్వు రోజూ వింటావు కదా, కాస్త పాడు, నేను వేసుకుంటాను" అన్నారు. నిజమైన అభిమాని! నేను గొంతు సవరించుకుని నోరు తెరిచాను. ఏమీ రాలేదు. మొదటి ముక్క గిటారుది, నోటికి రాదు. రెండోది డ్రమ్ములది. పాడేవాడి భాగం పాడదామంటే రాగం ఎక్కడ ఎత్తుకోవాలో తెలియలేదు. చివరికి "డగడగ డగడగ" అని ఆగిపోయాను. వందసార్లు విన్న పాట! రాజమండ్రి అంతా పాడుకుంటుందని నేను వాదించిన పాట! అందులో ఒక్క లైను నాకే రాదు. మాస్టారు నవ్వలేదు. "పోన్లే, కష్టమైందే ఎంచుకున్నావు" అని చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. నాకు మాత్రం సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో బాబాయి మైకు వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆఖరికి, "ఒరేయ్, నాకేం పాలుపోవడం లేదు. ముగ్గురడిగారు. మాటంటే మాటే. మీ నాన్నతో చెప్పమంటావా?" అన్నాడు. "వద్దు బాబాయ్, బీకాంలో చేరతాను" అన్నాను. ఆయన నావైపు ఆశ్చర్యంగా చూసి, "గెలిచావు కదరా!" అన్నాడు. గెలిచానో ఓడానో నాకూ తెలియలేదు. నాకే నోటికి రానిది జనం నోటికి ఎలా వస్తుందన్న ఒక్క ఆలోచన తప్ప బుర్రలో ఇంకేమీ లేదు. బీకాం అయింది, ఉద్యోగం వచ్చింది, జుట్టు పల్చబడింది. ఆ పాట ఇప్పటికీ ఇష్టమే, ఇప్పటికీ పాడలేను. అది హిట్టయ్యే పాటేనా అంటే ఇప్పటికీ నాకు అయోమయమే. ఒకవేళ నిజంగానే బస్సుల్లో మోగి ఉంటే నాకు అంత ఇష్టంగా ఉండేదా అన్నది ఇంకో అయోమయం. ఒక్కటి మాత్రం ఇన్నేళ్ళకి తేటగా కనిపిస్తోంది. జనం వినకపోయినా గిటారు నేర్చుకోవచ్చు. బీకాం చదువుతూ కూడా నేర్చుకోవచ్చు. నాన్న అడిగిన ప్రశ్నకీ, నేను కోరిన దానికీ అసలు సంబంధమే లేదు. ఆ వేళ మా ముగ్గురిలో ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదు. మొన్నామధ్య ఇదంతా చెప్తే మా ఆవిడ, "ఇప్పుడు నేర్చుకోండి, ఎవరొద్దన్నారు?" అంది. ఎవరూ వద్దనలేదు. ఆలోచిస్తే, అప్పుడు కూడా ఎవరూ వద్దనలేదు.