సమాధుల దగ్గర దొరికిన మికోలా

యాద్విగాకి ఉత్తరాల మీద నమ్మకం లేదు. పరీక్షకి రమ్మంటూ హోమెల్ నగరం ఆసుపత్రి నుంచి నర్సుగా ఆవిడ పంపే ఉత్తరాల్లో సగం పొయ్యి రాజెయ్యడానికే పనికొస్తాయని ఆవిడకి తెలుసు. అందుకే ఫోన్లు చేస్తుంది, బస్సెక్కి వెళ్తుంది, తలుపులు బాదుతుంది. ఎనభై ఆరులో అణువిద్యుత్ కేంద్రం పేలినప్పుడు పసిపిల్లలుగా ఉన్నవాళ్ల మెడలు ఏటేటా చూడాలి. పాతికేళ్లు దాటినా సరే, థైరాయిడ్‌లో గడ్డ ఎప్పుడు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. "నాకేం, దున్నపోతులా ఉన్నాను" అంటారు జనం. "దున్నపోతుకీ మెడ ఉంటుంది, పట్టుకురా" అంటుంది యాద్విగా.

అప్పట్లో ఆవిడ విర్బావ్కా అనే పల్లెలో నర్సు. పేలుడు సంగతి రోజుల తరబడి ఎవరూ చెప్పలేదు. పిల్లలు నీరసంగా ఉన్నారని తల్లులు వస్తే, "పాలు బాగా పట్టించండి, ఓపిక వస్తుంది" అంది. గాలిలో వచ్చిన విషం గడ్డి మీద పడి, ఆవుల పొదుగుల్లోంచి పిల్లల గొంతుల్లోకి దిగుతోందని ఆవిడకేం తెలుసు? నీ తప్పు కాదని అందరూ చెప్పారు. ఆవిడ మాత్రం ఆ మాట ఒక్కరోజూ చెవిన పెట్టలేదు.

కిందటి శరత్కాలంలో, ఆనాటి విర్బావ్కా పిల్లల్లో ఒకడైన మికోలా మెడలో గడ్డ కనబడింది. సూదితో తీసిన నమూనాలో కేన్సర్ అని తేలింది. తేలేసరికి మనిషి లేడు! దుంగల లారీ నడిపే ఉద్యోగం మారి, తల్లి అగాఫియాని తీసుకుని ఇంకో ఊరు పోయాడు. ఉత్తరం తిరిగొచ్చింది, ఫోన్ ఇంకెవరో ఎత్తారు. ఆర్నెల్లు గడిచాయి. ఊపిరితిత్తులకి పాకితే కష్టమని డాక్టరు అంటుంటే యాద్విగాకి అన్నం సయించలేదు.

ఇక మిగిలింది రాదునిత్సా. ఈస్టర్ అయిన తొమ్మిదో నాడు, పేలుడు తర్వాత ఖాళీ చేయించిన విర్బావ్కాలాంటి పల్లెల గేట్లు తెరుస్తారు. దేశం నలుమూలలా చెదిరిన జనం తమ సమాధుల దగ్గరికొచ్చి, పోయినవాళ్లతో కలిసి భోంచేస్తారు. డాక్టర్ని ఎగ్గొట్టినవాడు కూడా తండ్రి సమాధిని ఎగ్గొట్టడు. యాద్విగా మొదటి బస్సుకే బయల్దేరింది.

అగాఫియా భర్త సమాధి మీద గుడ్డ పరిచి, పండక్కి ఎర్రరంగు వేసిన కోడిగుడ్లు సర్దుతోంది. యాద్విగాని చూడగానే మొహం ముడుచుకుంది.

"ఇక్కడికీ తగలబడ్డావూ? చచ్చినవాళ్లనైనా ప్రశాంతంగా ఉండనీ."

"చచ్చినవాళ్లతో నాకేం పని? నీ కొడుకేడీ?"

కంచెకి నీలం రంగు వేస్తున్న మికోలా బ్రష్షుతోనే లేచొచ్చాడు. "రా అత్తా, కూర్చో, ఒక గ్లాసు పోస్తాను."

"గ్లాసు తర్వాత. ముందు ఈ కాయితం చదువు."

చదివాడు. బ్రష్షులోంచి రంగు బూటు మీద కారుతున్నా చూసుకోలేదు.

"కోస్తారా?"

"కోస్తారు. బతుకుతావు. గురువారానికి బెడ్ చెప్పి ఉంచాను."

"గురువారం లోడుంది అత్తా..."

"నీ లోడు తగలెయ్యా!" అని అరిచింది తల్లి. తర్వాత యాద్విగా వైపు తిరిగింది. "ఆనాడు పాలు పట్టించమన్నది నువ్వే."

"నేనే" అంది యాద్విగా. "అందుకే వెతుక్కుంటూ వచ్చాను."

అగాఫియా గుడ్డ మీంచి ఒక కోడిగుడ్డు తీసింది. పెంకు ఒలిచి యాద్విగా చేతిలో పెట్టింది. "తిను. పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేవు."

గురువారం మికోలా వచ్చాడు. గ్రంథి తీసేశారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. జన్మంతా పొద్దున్నే ఒక మాత్ర, అంతే. ఆ రాత్రి యాద్విగా హాయిగా నిద్రపోయింది.

మరుసటేడు రాదునిత్సాకి ఆవిడ ఎవర్నీ వెతకడానికి వెళ్లలేదు. పాత ఊరివాళ్లని చూసొద్దామనుకుంది. శ్మశానం గేటు దగ్గర మికోలా చేతులు బారజాపి నిలబడి ఉన్నాడు.

"ఈ ఏడు మెడ చూపించుకోనివాళ్లకి సాసేజీ లేదు! ముందు అత్త దగ్గరికి నడవండి!"

తిట్టుకుంటూ, నవ్వుకుంటూ పదకొండు మంది వరసకట్టారు. స్కానింగు మిషను లేదు, గది లేదు. యాద్విగా వేళ్లతో తడుముతూ, "మింగు... ఇంకోసారి మింగు" అంటూ, ఒక్కొక్కరికీ ఆసుపత్రికి రావలసిన తేదీ రాసిచ్చింది. తన మాట విని దెబ్బతిన్న పిల్లలు వీళ్లే. పెద్దవాళ్లై మళ్లీ తన చేతికే గొంతులు అప్పగిస్తున్నారు. ఇంత అదృష్టం తనకి ఎలా దక్కిందో ఆవిడకి అర్థం కాలేదు.

వరస చివర అగాఫియా నిలబడి ఉంది.

"నువ్వెందుకు? అప్పటికి నువ్వు పెద్దదానివి, నా జాబితాలో లేవు."

"లేకపోతే చూడవా ఏం?"

అగాఫియా తలగుడ్డ ముడి విప్పి, గడ్డం పైకెత్తి, కళ్లు మూసుకుంది. యాద్విగా ఆ మెడ మీద వేళ్లు ఆనించింది.

"మింగు" అంది.

అగాఫియా మింగింది.