కొమ్మ కట్టిన సైకిలు

అనంతగిరి రోడ్డు మీద పంక్చరు కొట్టు దాటుతుంటే రబ్బరు సొల్యూషన్ వాసన ముక్కుకి తగిలిందా, ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

నా చిన్నప్పుడు, డొంకరాయి దగ్గర మా అమ్మమ్మ మంచాన పడిందని సంతలో కబురు తెలిసింది. తుపానుకి రోడ్డు తెగి బస్సులు ఆగిపోయాయి. అమ్మ ఆమెకి ఒక్కతే కూతురు. "సివరి నీళ్లు నా సేత్తోనే పొయ్యాల" అని కూర్చుంది. అయ్య సైకిలు తీశాడు. ముందు కడ్డీ మీద నేను, వెనక క్యారేజీ మీద అమ్మ.

మొదట్లో ఎంత బాగుందో! కొండవాలంతా పసుప్పచ్చగా విరగబూసిన వలిసె పూల చేలు, కాఫీ తోటల్లోంచి తడిమట్టి వాసన, ఎక్కడ పొద్దుగూకితే అక్కడ ఎవరో ఒకరు అరుగు మీద చాప పరిచి చోడంబలి పోసి, కాల్చిన మొక్కజొన్న పొత్తులు చేతిలో పెట్టేవాళ్లు. నేను వాళ్ల పిల్లలతో గచ్చకాయలాడి, ఓడిపోయి, ఏడ్చేదాన్ని.

ఆ తర్వాత మళ్లీ వాన పట్టుకుంది. మడ్‌గార్డులో బురద ఇరుక్కుని చక్రం తిరగదు. పుల్లతో గోకడం, నాలుగడుగులు నెట్టడం, మళ్లీ గోకడం. ట్యూబు నిండా అతుకు మీద అతుకు. "ఎనక్కెళ్లిపోదుమేటి?" అన్నాడు అయ్య. అమ్మ తనే హ్యాండిల్ పట్టుకుని ముందుకి నెట్టింది.

దిగుడు ఘాట్లో బ్రేకులు అరిగిపోతే మా కొండల్లో అందరూ చేసేదే అయ్య కూడా చేశాడు. సైకిలు దూసుకుపోకుండా ఒక ఎండుకొమ్మ వెనక కట్టి ఈడ్చుకుంటూ దిగాడు. కింద ఫారెస్టు గేటు దగ్గర గార్డులు ఆపేశారు.

"కలప ఎక్కడికి తోలుతున్నావురా?"

కలపట, కలప! పొయ్యిలో పెడితే కుండెడు నీళ్లు కాగవు దాంతో. సైకిలుకి గొలుసు వేశారు. అమ్మ నడిచిపోతానన్నా గేటు దాటనివ్వలేదు. కాళ్లు పట్టుకుంది, వినలేదు. వాళ్ల పెద్దాయన మర్నాడు పొద్దెక్కాక తాపీగా వచ్చి, కొమ్మని చూసి నవ్వి, పొమ్మన్నాడు. ఆ నవ్వుకి బదులు రెండు తన్నినా బాగుండేది.

మేం చేరేసరికి అమ్మమ్మని ఆ ఉదయమే కప్పెట్టేశారు. "నిన్నంతా నీ పేరే పిలిసిందే. మా గుంట వచ్చినాదేటి, నా కూతురు వచ్చినాదేటి అని అడగతానే ఉంది" అన్నాడు మావయ్య. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఆ పచ్చిమట్టి మీదే పోసింది.

ఇప్పుడా దారికి తారు పడింది. ఆ గేటూ లేదు, పిలిచి అంబలి పోసిన ఆ అరుగులూ లేవు. బస్సులో తొందరగా పోవచ్చు కదా, ఒకసారి వెళ్లొద్దామా అని మొన్న అమ్మని అడిగాను.

"బేగి ఎల్లాల్సిన్నాడు ఆపీసినారు. ఇప్పుడు బేగి ఎల్లి ఏటి సేత్తానే?" అంది.