క్లారినెట్ మీద పూలదండ

తుపానులు కూడా ముందుగా కబురు పెడతాయి. నేను అదీ పెట్టలేదు. టెక్సాస్‌లోని ప్లేనోలో, నిండు సభలో, హోరున వాయిస్తున్న ఒక ఆర్కెస్ట్రాను ఒకే ఒక్క చేమంతుల దండతో నిలబెట్టేసిన ఘనుణ్ణి నేనే. ఆ పూట నా వల్ల జరిగిన విధ్వంసం గురించి మా ఇంట్లో ఇప్పటికీ అన్నాల దగ్గర మాట్లాడరు. పొలమారుతుందని భయం.

అప్పటికి నాకు అరవై రెండేళ్ళు. కుర్రతనం. ఇప్పుడున్న బుద్ధి అప్పుడు లేదు. ఇప్పుడైనా ఉందా అంటే మా ఆవిడ వరలక్ష్మిని అడగాలి. దయచేసి అడగకండి. పంచదార ఫ్యాక్టరీలో ఫిట్టరుగా రిటైరై, ప్లేనోలో మా అమ్మాయి దగ్గర చేరాం. నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగింది గానీ చదవడం ఆగలేదు. ఊరి లైబ్రరీలో పాత పత్రికల బీరువా పక్కన ఒక కుర్చీ నా పేర రిజిస్టరైనట్టే లెక్క. ఆ కుర్చీలోనే మా ఊరి పాప్స్ ఆర్కెస్ట్రా చరిత్ర నన్ను పట్టుకుంది.

పాప్స్ అంటే తెలియనివారికి ఒక్క ముక్క. సింఫనీలు వాయించగల వాళ్ళే కోటు గుండీ విప్పుకుని సినిమా బాణీలూ, డాన్సు పాటలూ, కవాతు పాటలూ వాయించడం. వినేవాళ్ళు కాళ్ళు ఆడించవచ్చు. ఇంటికెళ్ళేటప్పుడు ఈల వేసుకోవచ్చు. మా ఊళ్ళో ఇది మొదలైంది గొప్పవాళ్ళ మేడలో కాదు, పశువుల సంత జరిగే రేకుల షెడ్డులో. ఒక స్కూలు బ్యాండు మాస్టారు, ట్రంబోన్ ఊదే పళ్ళ డాక్టరు, డ్రమ్ములు వాయించే ఫైర్‌మన్, ఇలాంటి వాళ్ళు పోగై పెట్టారు. ఊళ్ళో సైరన్ మోగితే ఫైర్‌మన్ డ్రమ్ము వదిలేసి పరిగెత్తేవాడట. మిగతావాళ్ళు నేలమీద కాళ్ళతో తాళం వేసుకుంటూ పాట పూర్తి చేసేవాళ్ళట. చరిత్రంటే ఇదీ. రాజుల పేర్లు ఎవరికి కావాలి?

ఈ సంగతుల్లో సగం నాకు పత్రికలు చెప్పాయి, సగం పక్కింటి డోరతీ చెప్పింది. ఎనభైకి దగ్గర పడిన మనిషి. ఆ షెడ్డు రోజుల నుంచీ క్లారినెట్ ఆవిడదే. మా వైపు పెళ్ళి బ్యాండుకి ముందు నడిచే వాద్యం క్లారినెట్ కాబట్టి, ఆవిడ నాకు ఆడపెళ్ళివారి తరఫు చుట్టంలా కనిపించేది. చరిత్ర తెలిశాక చేతులు కట్టుకుని కూర్చోలేం కదా, నేను కూడా కచేరీ హాల్లో జనానికి సీట్లు చూపించే వలంటీరుగా చేరిపోయాను. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, మెడలో బ్యాడ్జి.

ఒకనాటి సాయంత్రం కంచె అవతల నుంచి డోరతీ అంది. ఆవిడ మాటలన్నీ ఇంగ్లీషే, తెలుగు నాది.

"రావ్, ఈ సీజన్ చివరి కచేరీ నాకు ఆఖరిది. వేళ్ళు వంగడం లేదు. ఆర్కెస్ట్రా మేనేజరు చాలా మర్యాదగా తప్పుకోమని అడిగాడు, నేనూ చాలా మర్యాదగా ఒప్పుకున్నాను."

"అదేమిటి?"

"ఆఖరి పాటలో నేనొక్కదాన్నే వాయించే సోలో ఇచ్చారు. అది శుభ్రంగా వాయించి వెళ్ళిపోతాను. ఇంకేమీ వద్దు."

ఇంకేమీ వద్దన్న మాట నా చెవిదాకా వచ్చింది, లోపలికి వెళ్ళలేదు. లోపల అప్పటికే నిప్పు రాజుకుంది. మర్నాడే మేనేజరు దగ్గరికి వెళ్ళాను.

"ఆవిడకి సన్మానం ఎప్పుడండీ?"

"చివర్లో ఆర్కెస్ట్రా అంతా లేచి నిలబడుతుంది, మిస్టర్ రావ్. ఆవిడా నిలబడతారు."

"అందరితో పాటా?"

"అదే మా పద్ధతి."

పద్ధతట. కిందటి నెల చేరిన కుర్రాడికీ, రేకుల షెడ్డు నుంచీ ఊదుతున్న ఆవిడకీ ఒకటే నిలబడటం. నాకు ఒళ్ళు మండి, తెలుగు సంఘంలో సన్మానాలు చూసే సత్యంగారికి ఫోన్ చేశాను.

"శాలువా నా దగ్గరుందండీ, దండ టెంపుల్‌లో ఆర్డర్ చేద్దాం. ఎప్పుడు కప్పుదామంటారు?"

"పాట అయిపోగానే."

"అవకపోయినా పర్లేదు రావుగారూ. మొన్న ఉగాదికి చీఫ్ గెస్ట్‌కి ఫ్లైట్ టైమైపోతుంటే పల్లవికీ చరణానికీ మధ్యలో కప్పేయలేదూ? ఆ అమ్మాయి ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే ఎత్తుకుంది పాపం."

అవును మరి. మన సభల్లో పాటలు శాలువాకి దారిస్తాయి, అంబులెన్సుకి కార్లు ఇచ్చినట్టు. ప్రపంచమంతా అంతేననుకున్నాను. వరలక్ష్మి మాత్రం అనుమానంగా చూసింది.

"ఆ మేనేజర్ని అడిగారా?"

"సన్మానానికి పర్మిషనేమిటే?"

"పోనీ ఆవిణ్ణి అడిగారా?"

"ముందే చెప్పేస్తే ఇంక సన్మానమేముంది?"

"అలాగే కానివ్వండి. నేను మూడో వరసలో కూర్చుంటాను. మీరెవరో నాకు తెలియదు."

కచేరీ రోజు వచ్చింది. దండ లారీ ముందు కట్టేంత లావుంది. ప్రోగ్రాం పుస్తకాలొచ్చిన అట్టపెట్టెలో దాన్ని శాలువాతో సహా దాచి, స్టేజి పక్క మెట్ల దగ్గర కాపలా కాశాను. ఆఖరి పాట మొదలైంది. డ్రమ్ములు ఉరిమాయి, ట్రంపెట్లు మెరిశాయి, ఫిడేళ్ళు వానలా కురిశాయి. ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆర్కెస్ట్రాని చేతికర్రతో నడిపించే కండక్టరు గారి చెయ్యి గాలిలో నిలిచింది. హాలంతా నిశ్శబ్దం.

మన సభల్లో అంత నిశ్శబ్దం ఎప్పుడొస్తుందో చెప్పండి. పాట అయిపోయి మైకు కూడా పోయినప్పుడే. నేను మెట్లెక్కేశాను.

డోరతీ అప్పటికే లేచి, క్లారినెట్ పెదాల దగ్గర పెట్టుకుని, గుండెనిండా ఊపిరి తీసుకుని ఉంది. నేను దండ వేసేశాను. అది ఆవిడ మెడకీ క్లారినెట్‌కీ కలిపి పడింది. పీల్చిన ఊపిరి ఒక్కసారిగా బయటికొచ్చి, బాతు తోక మీద ఎవరో కాలేసినట్టు వినిపించింది. కంగారులో శాలువా కప్పితే సగం ఆవిడ భుజం మీదా, సగం ముందు స్వరాల కాగితాలు పెట్టుకునే స్టాండు మీదా పడింది. స్టాండుకి కూడా సన్మానం జరిగిపోయింది.

"రావ్, ఏం చేస్తున్నావు?" గుసగుసగా అడిగింది.

"సన్మానం."

"పాట అవలేదు. నా సోలో ఇప్పుడే మొదలవ్వాలి."

గబుక్కున దండ పట్టుకున్నాను. "తీసేస్తాను."

"లాగకు. దారం మీటల్లో ఇరుక్కుంది."

"కదలకండి. నేను ఫిట్టర్ని."

"రావ్, నువ్వు తిప్పుతున్నది క్లారినెట్ కాదు. నా చెవిపోగు."

హాలు గొల్లుమంది. అప్పుడు చూశాను, సోలో కోసమని మా ఇద్దరి ముక్కుల మధ్య పెట్టిన మైకు. మా గుసగుసలన్నీ బాల్కనీదాకా వెళ్ళాయి. మూడో వరసలోంచి అచ్చ తెలుగులో ఒక కేక వినిపించింది. "ఏమండీ, పైకి ఎత్తండి, పక్కకి కాదు." నేనెవరో తెలియదన్న మనిషే.

కండక్టరు గారు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి నావైపు తిరిగారు. "సర్, ఇంకేమైనా చెప్పాలనుందా?"

మర్యాదస్తులు దిగమనడానికి అలా అంటారని తర్వాత తెలిసింది. నాకు మాత్రం అది 'రెండు మాటలు మాట్లాడవలసిందిగా కోరుతున్నాము' లాగే ఉంది. మాట్లాడాను. నా ఇంగ్లీషుకి ఒక కాలు కుంటి, అయినా పరిగెత్తింది. రేకుల షెడ్డు చెప్పాను. సైరన్ మోగితే పరిగెత్తిన ఫైర్‌మన్ గురించి చెప్పాను. గాలికి కాగితాలు ఎగిరిపోతుంటే ఇంటి నుంచి బట్టల క్లిప్పులు తెచ్చి అందరి స్టాండ్లకీ పెట్టిన అమ్మాయి గురించి చెప్పాను.

"ఆ అమ్మాయి ఈవిడే. ఆ రోజు వాయించిన వాళ్ళలో ఇంకా వాయిస్తున్నది ఈవిడొక్కతే. ఈ రాత్రితో మానేస్తోంది. అందరితో పాటు లేచి నిలబడి వెళ్ళిపొమ్మన్నారు. మా దేశంలో అయితే అందరూ ఆవిడ కోసం లేచి నిలబడతారు."

పక్కన తెర చాటు నుంచి మేనేజరు గొంతు కోసేస్తానన్నట్టు సైగ చేస్తున్నాడు. హాల్లో ఎవరో ఒకాయన లేచాడు. వెనక ఒక వరస లేచింది. చూస్తుండగా హాలంతా లేచింది. ఫిడేళ్ళవాళ్ళు కూడా లేచారు.

ఈలోగా డోరతీ తనే దారం విడిపించుకుంది. దండ మాత్రం తియ్యలేదు. "ఇప్పుడైనా వాయించనిస్తావా?"

"దయచేసి వాయించండి" అని మెట్ల మీద కూలబడ్డాను.

కండక్టరు గారు కాస్త వెనకనుంచి ఎత్తుకున్నారు. మళ్ళీ ఉరుములు, మళ్ళీ వాన, మళ్ళీ ఆ నిశ్శబ్దం. ఈసారి నా రెండు చేతులూ నా మోకాళ్ళ కింద పెట్టుకున్నాను. ఆ నిశ్శబ్దంలోంచి డోరతీ వాయించింది. వంగనన్న వేళ్ళు వంగాయి. నెలల తరబడి కంచె అవతల నుంచి తడబడుతుండగా నేను విన్న ఆ పాట, అరిటాకు మీద నీటిబొట్టులా ఎక్కడా అంటకుండా జారిపోయింది. ఆవిడ ఊపిరి పీల్చినప్పుడల్లా ఒక చేమంతి రేక రాలింది. అయిపోయాక హాలు చేసిన చప్పుడు ముందు డ్రమ్ములు సిగ్గుపడాలి.

తెర వెనక మేనేజరు చెయ్యి చాపాడు. "మిస్టర్ రావ్, మీ బ్యాడ్జి."

ఇచ్చేశాను. అప్పుడే డోరతీ దండతో సహా వచ్చింది.

"నా ఆఖరి సోలోలో మొదటి స్వరం బాతులా కూసింది. దాంతో నేను రిటైరవను. వచ్చే సీజన్లో సరిగ్గా వాయించి వెళ్తాను."

"కానీ డోరతీ, మీ వేళ్ళు..." మేనేజరు నసిగాడు.

"బయట జనం ఈ వేళ్ళతో షేక్‌హ్యాండ్ కోసం నిలబడి ఉన్నారు. ఆ మాట నువ్వే వెళ్ళి వాళ్ళకి చెప్పు."

అతను వెళ్ళలేదు. ఆవిడ వచ్చే సీజను వాయించింది, ఆ పై సీజను కూడా వాయించింది. ప్రతిసారీ ఏదో ఒక స్వరం నచ్చలేదని రిటైర్మెంటు వాయిదా వేసింది.

నన్ను కూడా పూర్తిగా వదిలించుకోలేదు. డోరతీ పట్టుబట్టి మళ్ళీ పెట్టించింది. హాల్లో కాదు, పార్కింగ్ లాట్‌లో. ఆరెంజి చొక్కా తొడిగి, చేతికి వెలిగే కర్ర ఇచ్చారు. అది కండక్టరు గారి కర్రకన్నా పొడుగు. ఆయన ఎత్తితే ఫిడేళ్ళు ఆగుతాయి, నేనెత్తితే ట్రక్కులే ఆగుతాయి. ఆ ఆరెంజి చొక్కా మీద చెయ్యి వేసి, పంచభూతాల సాక్షిగా, ప్లేనో పురజనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: గాలిలో ఉన్న చెయ్యి కిందికి దిగేవరకూ ఈ జన్మలో ఎవరి మెడలోనూ దండ వెయ్యను. దిగిన మరుక్షణం నుంచి మాత్రం ఈ ప్రమాణం చెల్లదు.