ఫరోల్ క్లబ్ లెఫ్ట్ బ్యాక్

శనివారం పొద్దున్నే మోరిస్‌విల్ పార్కులో పొగమంచు విడవకముందే అర్లిందో ఫుట్‌బాల్ మైదానానికి గీతలు గీస్తుంటాడు. చిన్న చక్రాల బండిలో తెల్ల రంగు. మోకాళ్ళ కింద అంతా పొగమంచే. మనిషి గాలిలో తేలిపోతున్నట్టూ, వెనక తెల్లటి దారం ఊడి వస్తున్నట్టూ ఉంటుంది.

అతనిది కేప్ వెర్డీ. ఆఫ్రికాకి పడమట, సముద్రం మధ్యలో పోర్చుగీసు మాట్లాడే దీవులు. ఇక్కడ అమెరికాలో వారమంతా స్కూల్ బస్సు నడుపుతాడు, శనివారాలు మా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాడు. అక్కడ పదకొండేళ్ళు ఫరోల్ అనే చిన్న క్లబ్‌కి లెఫ్ట్ బ్యాక్‌గా, గోల్‌కి ఎడమ పక్క కాపలాగా ఆడాడు. ఫరోల్ అంటే దీపస్తంభం. ఆ మైదానంలో గడ్డిపరక ఉండేది కాదట. మట్టి మీద సున్నంతో గీతలు వేస్తే, హాఫ్ టైమ్‌కల్లా సముద్రపు గాలి ఎత్తుకుపోయేది.

"సెకండ్ హాఫ్‌లో గీతలన్నీ మా తలల్లోనే," అంటాడు. "బంతి బయటికి పోయిందో లేదో మేడల మీద కూర్చున్న ఆడవాళ్ళు అరిచి చెప్పేవాళ్ళు. రిఫరీ వాళ్ళ మాటే వినేవాడు."

గోల్ వెనక సముద్రమే. బంతి అందులో పడితే ఎవరో పడవలో వెళ్ళి తెచ్చేదాకా రెండు జట్లూ అలలకేసి చూస్తూ నిలబడేవట. వింటుంటే నాక్కూడా పెదవుల మీద ఉప్పు తగిలేది.

కానీ నా కళ్ళు మా అమ్మాయి హాసిని మీదే. ఏడేళ్ళు, ఆస్తమా. ఆయాసం రాగానే ఆగాలి, లేకపోతే ఆట మాన్పిస్తానని దానికి ముందే చెప్పాను. డాక్టర్‌గా ఊపిరితిత్తుల గురించి నేను చదివిన చదువు ఇలాంటప్పుడు ధైర్యమివ్వదు.

ఒక శనివారం అది రొప్పుతోంది. అర్లిందో రెండు చేతులూ ఎత్తి అరిచాడు: "పారా! పారా!"

హాసిని ఇంకా జోరుగా పరుగెత్తింది.

మా ఆయన నీరజ్‌ది కరీంనగర్. వాళ్ళ వైపు 'పా' అంటే 'పద'. స్కూలుకి లేటయినప్పుడల్లా కూతురితో "పా రా, పా!" అంటాడు.

ఇన్‌హేలర్ పట్టుకుని మైదానంలోకి పరుగెత్తాను. "ఆయాసపడే పిల్లని ఇంకా పరుగెత్తమంటావా?" అని ఇంగ్లీషులో విరుచుకుపడ్డాను.

అర్లిందో తెల్లబోయాడు. "ఆగమంటున్నాను మేడమ్! మా భాషలో పారా అంటే ఆగమని."

హాసిని మందు పీల్చి, "డాడీ పా రా అంటే గో కదా అమ్మా? కోచ్‌కి తెలుగు వచ్చు అనుకున్నా," అంది.

నా వెనకే మైదానంలోకి వచ్చిన నీరజ్ పగలబడి నవ్వాడు. "నేను గూడ గదే అనుకున్న! మనోడు మస్తు నేర్చిండని."

"నవ్వకు నీరజ్. నెక్స్ట్ వీక్ నుంచి దీన్ని తీసుకురాను."

హాసిని ఏడవలేదు. బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టింది.

అర్లిందో దాన్ని చూసి నా వైపు తిరిగాడు. "మీ భాషలో ఎలా ఆపుతారు?"

"ఆగు."

ఆ మాటను నోట్లో అటూ ఇటూ తిప్పి నవ్వాడు. "ఆగు... ఆగ్వ! మాకు ఆగ్వ అంటే నీళ్ళు. ఇది నేను మరిచిపోయేది కాదు. ఒక్క శనివారం చూడండి మేడమ్."

చూశాను. తర్వాతి వారం ఆట మధ్యలో హాసిని భుజాలు ఎగసిపడుతున్నాయి. నేను లేవబోయేలోగా "ఆగ్వ!" అని కేక వినబడింది. తెలుగు పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. జట్టులో పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్ పిల్లలిద్దరూ నీళ్ళ సీసాల వైపు పరుగెత్తారు. బంతి ఒక్కటే మెల్లగా దొర్లుకుంటూ పోయింది.

హాసిని నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు చూసింది. దూరం నుంచే దాని ఊపిరి లెక్కపెట్టాను. తగ్గడానికి నిమిషం పైనే పట్టింది. తగ్గింది. అది మళ్ళీ బంతి వైపు కదిలింది. నేను వెనక్కి పిలవలేదు.