ఎడమ చక్రం మీది సీటు

సారమ్మ గురించి రాయడానికి నాకు మొహం లేదు. రాయకుండా ఊరుకుంటే ఉన్న కాస్తా పోయేలా ఉంది. అందుకే రాస్తున్నాను.

శ్రీరంగాపూర్ పక్కన చిన్న పల్లె ఆమెది. యాభై అయిదేళ్లుంటాయి. పెనిమిటి శంకరయ్య గొర్లు కాస్తాడు. మాట తక్కువ మనిషి, కాబట్టి ఆ ఇంటి మాటలన్నీ సారమ్మే మాట్లాడాలి. రెండెకరాల చెలక ఉంది గానీ వాన మీద నమ్మకం పెట్టుకున్న చెలక అది. అందుకని ఏటా వానాకాలం నడిమి నుంచి దీపావళి దాటేదాకా, ఆమే ఇంకో తొమ్మిది మంది ఆడవాళ్లూ కలిసి జీపులో గద్వాల వైపు విత్తన పత్తి చేన్లకు పోతారు. సాయంత్రం మొగ్గల్లోని కేసరాలు గిల్లేయడం, మర్నాడు పొద్దున వాటికి పుప్పొడి రుద్దడం పని. రేపు విచ్చుకునే మొగ్గ ఏదో, ఎల్లుండిది ఏదో సారమ్మ వేళ్లకు తెలుస్తుంది. కళ్లు మూసుకుని గిల్లినా ఆమె చేతిలో తప్పు పోదని చేన్ల యజమానులే చెబుతారు.

జీపులో ఆమెకో సీటుంది. వెనక, సరిగ్గా ఎడమ చక్రం మీద. గుంత వస్తే నడుం కదిలిపోతుందని ఇంకెవరూ అక్కడ కూర్చోరు. ఆమె మాత్రం పట్టుబట్టి కూర్చుంటుంది, కిటికీ పక్కనైతే తంబాకు ఉమ్మడానికి వీలని. పన్నెండేళ్లలో మూడు జీపులు మారాయి, ఆమె సీటు మారలేదు.

ఇక నా సంగతి. పేరు అబ్దుల్ హమీద్. పెబ్బేరులో హైవే పక్కన నా షెడ్డు. బండి వెనక ఇరుసు దగ్గర ఏ చప్పుడొచ్చినా చుట్టుపక్కల డ్రైవర్లు నా దగ్గరికే వస్తారు. ఆక్సిలేటరు తొక్కితే ఏడ్చి, వదిలితే ఊరుకుంటే అది ఇరుసు మధ్యలో ఉండే క్రౌన్ పినియన్ పళ్ల గోల. బండి కదిలేటప్పుడు ఒక్కసారి కటక్కుమంటే షాఫ్టు క్రాసు. తారు రోడ్డు మీద మోగి మట్టి బాటలో మాయమైతే టైరు, ఇరుసు జోలికి పోనక్కర్లేదు. తిన్నగా పోతే ఊరుకుని, ఒకవైపు మలుపులోనే గుర్రుమంటే చక్రం బేరింగు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. వచ్చునన్న పొగరు అంతకంటే ఎక్కువ వచ్చు. చెప్పబోయిన వాళ్లను నోరు తెరవనిచ్చేవాణ్ణి కాదు. "నాకు బండే చెప్తది, నువ్వు ఊకో" అనేవాణ్ణి.

పోయినేడు వినాయక చవితి వెళ్లిన వారానికి, ఓ సాయంత్రం ఈ ఆడవాళ్లను తీసుకుపోయే మధు తన జీపును నా షెడ్డు ముందు ఆపాడు.

"హమీదన్నా, ఎనక ఏందో మోగుతున్నది. జర చూడు."

నేను వంగి చూస్తుంటే సారమ్మ దిగి వచ్చింది. "తమ్మీ, నేన్ చెప్త ఇను. తిన్నగ పోయినప్పుడు ఏమనది. ఎర్రవల్లి చౌరస్తా కాడ గద్వాల దిక్కు మల్లుతం సూడు, గప్పుడు నా సీటు కింద గుర్రుమంటది. నడుములకెల్లి తెలుస్తది. గది గూడ మంది నిండ ఉన్నప్పుడే. ఖాళీగుంటే అనది."

ఏ వైపు మలుపో చెప్పింది, ఏ చక్రమో చెప్పింది, ఎంత బరువులోనో కూడా చెప్పింది. గద్వాలకని కుడికి తిరిగితే బరువంతా ఎడమ చక్రం మీద పడుతుంది. ముప్పై ఏళ్లలో ఇంత తేటగా రోగం చెప్పిన డ్రైవరు నాకు ఒక్కడు తగల్లేదు. ఆ మాట వినాల్సింది పోయి, నేను చెప్పిన మనిషిని చూశాను. చేతులకు పసుపు పచ్చని పుప్పొడి, బుగ్గన తంబాకు.

"అక్కా, పువ్వులు రుద్దే చేతులకు ఇరుసు సంగతి ఏం తెలుస్తది? నువ్వు పొయ్యి జీపెక్కు" అన్నాను.

జీపులో ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. అందరికంటే చిన్నది వసంత, ఆ పిల్ల మరీ కడుపు పట్టుకుని నవ్వింది. సారమ్మ కొంగు దులుపుకుంది.

"సరే మేస్త్రీ" అంది. అప్పటిదాకా తమ్మీ అని పిలిచిన మనిషి.

మర్నాడు మధు జీపు వదిలి పోయాడు. నేనొక్కణ్ణే ఎక్కి బీచుపల్లి వంతెన దాకా తిన్నగా పోయి తిన్నగా వచ్చాను. ఖాళీ బండి, తిన్నని రోడ్డు. ఆక్సిలేటరు మీద సన్నని కూత ఒకటి వినిపించింది. జాకీ మీద లేపి వెనక చక్రాలు చేత్తో తిప్పాను, చప్పుడు లేకుండా తిరిగాయి. బరువు లేనప్పుడు అవి చప్పుడు లేకుండా తిరగక ఏం చేస్తాయి? ఇరుసు విప్పి, క్రౌన్ పినియన్ వదులు సర్ది, ఆయిలు మార్చి పంపాను. కూత పోయింది. రోగం మాత్రం అలాగే ఉంది.

నాలుగు రోజులకు మధు మళ్లీ వచ్చాడు. "అన్నా, సారమ్మ ఇంకా మోగుతున్నదనే అంటున్నది."

"బండిల ఏం లేదు. ఆమె చెవులల్ల గాలి జొర్రింది" అన్నాను.

ఆ మాట జీపెక్కింది. పోను రాను దారంతా ఆడవాళ్లకు అదే ఆట. "గాలి సారమ్మా, ఇయ్యాల ఏమన్నది నీ సీటు?" అని వసంత మొదలు పెడితే తక్కినవాళ్లు అందుకునేవారట. ఆమె మూడు రోజులు ఓర్చుకుంది. నాలుగోనాడు పొద్దున జీపు తలుపుకు అడ్డంగా నిలబడింది.

"గా సీట్ల నేన్ కూసోను, ఇంకొకల్ని గూడ కూసోనియ్య. ఇరుసో ఏందో నాకు తెల్వదు. గది మంచిగ లేదు."

"హమీదన్న కంటె నీకెక్కువ తెలుసా? ఎక్కుతె ఎక్కు, లేకుంటె జరుగు. పొద్దెక్కుతున్నది" అన్నాడు మధు.

ఆమె జరిగింది. జీపు పోయింది. సీజను నట్టనడుమ ఆమె పని అట్లా పోయింది. కిటికీ పక్క సీటు ఖాళీ కాగానే వసంత సంబరంగా అందులోకి మారింది. ఇదంతా నాకు మధు చెప్తే నేను ముసిముసిగా నవ్వాను కూడా. ఇప్పుడు దాచి ఏం లాభం?

ఆ తర్వాత రెండు వారాలకు, ఒక గురువారం, గద్వాలలో మా బావమరిది ఇంటికి పోవాల్సి వచ్చింది. రోడ్డు మీద నిలబడితే మధు జీపు ఆపాడు. ముందు సీట్లు నిండిపోయాయి. వెనక వసంత పక్కకు జరిగి, "పెద్దోనివి, కిటికీ కాడ కూసో అన్నా" అని తన సీటు ఇచ్చింది. అంటే సారమ్మ సీటు.

వంతెన దాటేదాకా ఏమీ లేదు. లోపల్లోపల, దీనికా అంత రాద్ధాంతం అనుకున్నాను. ఎర్రవల్లి చౌరస్తా వచ్చింది. మధు కుడికి తిప్పాడు. నా సీటు కింద నుంచి గుర్రుమంటూ మొదలై, నడుములోంచి పాకి పళ్ల దాకా వచ్చింది. మలుపు తిరిగి తిన్నగయ్యాక ఆగింది. ఆమె చెప్పింది చెప్పినట్టే. బేరింగు అయిపోయింది, ఇంకెన్నో రోజులు ఆగదు. చెవులు కూడా అక్కర్లేదు, కూర్చుంటే చాలు, తెలుస్తుంది. నేను ఇన్నేళ్లూ డ్రైవరు సీట్లోనే కూర్చున్నాను.

నా మొహం చూసి వసంత పకపకా నవ్వింది. "ఏందన్నా గట్లయినవ్? నీ చెవులల్ల గూడ గాలి జొర్రిందా?"

జీపంతా నా వైపు తిరిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు మళ్లీ ఇవ్వడు. దొంగకు తేలు కుట్టినట్టుంది నా పని.

"రోడ్డు సప్పుడు, చెల్లె" అన్నాను.

గద్వాలలో దిగుతుంటే మధు అందరి ముందూ అడిగాడు. "ఎట్లున్నదన్నా బండి?"

"మస్తున్నది" అన్నాను.

నాలో నేను ఒక లెక్క వేసుకున్నాను. మధును ఒంటరిగా పిలిచి, ఆయిలు చూస్తానని చెప్పి, మూడో కంటికి తెలియకుండా బేరింగు మార్చేస్తే సరి. నా పేరు నిలుస్తుంది, వాళ్ల ప్రాణాలూ నిలుస్తాయి. ముందు అనుకున్నది నా పేరే, ప్రాణాలు తర్వాత. ఆ వరుస తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది.

సాయంత్రం ఫోను చేశాను. "మధూ, రేపు బండి తీస్కరా, ఒకపారి ఆయిల్ చూస్త."

"పని మస్తున్నదన్నా. ఐతారం తెస్త."

ఆదివారం దాకా వద్దు, రేపే తే అని గట్టిగా అనాలంటే ఎందుకో చెప్పాలి. "సరే, ఐతారమే తే" అని పెట్టేశాను. శుక్రవారం గడిచింది. రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని రెండుసార్లూ జేబులో పెట్టుకున్నాను. నా భార్య రహీమున్నీసా "ఏం పరేషాన్‌లో ఉన్నవ్?" అని అడిగితే కసిరాను.

శనివారం పొద్దున, ఎర్రవల్లి దగ్గర అదే మలుపులో, ఇరుసుతో సహా ఎడమ చక్రం బయటికి వచ్చేసింది. వేగం లేదు కాబట్టి జీపు బోర్లా పడలేదు, ఆ వైపు కూలబడిందంతే. తొమ్మిది మందికి దెబ్బలు పైపైనే తగిలాయి. కిటికీ పట్టుకుని కూర్చున్న వసంత కుడిచెయ్యి మాత్రం బయటి కమ్మీకీ రోడ్డుకీ మధ్య నలిగింది. మణికట్టు విరిగింది, రెండు వేళ్లు చితికాయి. మొగ్గ గిల్లే వేళ్లు.

కబురు అందగానే నేను ముందు జీపు దగ్గరికే పోయాను. బేరింగు గోళీలు మాడి నల్లబడి ఉన్నాయి. ఒకటి జేబులో వేసుకుని గద్వాల దవాఖానకు పోయాను. లోపల మంచం మీద వసంత, చుట్టూ వాళ్ల వాళ్లు. మధు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

"గుంతల పడ్డదమ్మా. బండిల ఏం లేకుండె. హమీదన్న మొన్ననే ఎక్కి చూసిండు గూడ" అని వసంత తల్లికి చెబుతున్నాడు.

అందరూ తలలూపారు. నా పేరు చెబితే ఇంకా నమ్ముతున్నారు. అంతటితో వదిలేస్తే తప్పంతా గుంత మీదికి పోయేది. ఎవరూ అడగరు, నేనూ చెప్పక్కర్లేదు. తలుపు దగ్గరే నిలబడిపోయాను.

అప్పుడు సారమ్మ వచ్చింది, వెనక శంకరయ్య. తిన్నగా మంచం దగ్గరికి పోయి వసంత తల నిమిరింది. గాలి సారమ్మా అని ఏడిపించిన పిల్ల ఆమె కొంగు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఊకో బిడ్డా, ఊకో" అంటూ కాసేపు అక్కడే కూర్చుని, అప్పుడు నన్ను చూసింది.

"మేస్త్రీ, మొన్న గురువారం నువ్వు నా సీట్లనే కూసున్నవట గదా?"

"ఆ" అన్నాను.

"ఇన్నవా?"

మధు నా వైపు చూశాడు, ఈ అక్కకు నువ్వే చెప్పు అన్నట్టు. జేబులో గోళీ చేతికి తగిలింది.

"ఇన్న" అన్నాను. "అక్కా, నువ్వు చెప్పినట్టే ఇన్న."

మధు మొహంలో రంగు పోయింది. సారమ్మ నన్ను తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు.

"నా చెవులల్ల గాలి జొర్రింది, సరే. నీ నోట్లె ఏం జొర్రింది?"

తల వంచుకుంటే వసంత చెయ్యి కనబడింది, మోచేతి దాకా కట్టు. ఆ పిల్ల కూడా నన్నే చూస్తోంది. కోపంగా చూసినా బాగుండేది. తెలియక అడుగుతున్నట్టు అడిగింది.

"రోడ్డు సప్పుడంటివి గదన్నా?"